మిషను మీద వంతు

సగం అయింది, సగం ఉంది, మిషను తెర మీద అంకెలు ఆ మాటే చెబుతున్నాయి, దానికి అబద్ధమాడటం చేతకాదు కాబట్టి నమ్ముతాను, మనుషులు చెబితే నమ్మేదాన్ని కాదు. ఎడమ చేతిలో రెండు సూదులు, ఒక గొట్టంలోంచి రక్తం బయటికి పోతోంది, ఇంకో గొట్టంలోంచి లోపలికొస్తోంది, నా రక్తమే, స్నానం చేసి వస్తోంది, నా కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక వాటి చాకిరీ అంతా బీరువా అంత ఉన్న ఈ మిషను చేస్తోంది. బయట వాన. కిటికీ కింద జనరేటరు దడదడలాడుతోంది, గోదారి నీళ్ళు సబ్‌స్టేషన్లోకి వచ్చేసి నిన్నటి నుంచీ కరెంటు లేదు, ఉన్న డీజిలు సాయంత్రం దాకానే అంటున్నారు, ట్యాంకరు ఎక్కడో రోడ్డు తెగి ఆగిపోయిందట, అందుకని ఫ్యాన్లు కట్టేశారు. కట్టేస్తే కట్టేశారు, చెమట పోస్తే పోసింది, ఆ చెమట కూడా ఒంట్లో నీరు తగ్గడమే కదా. మొన్న రావలసినదాన్ని రాలేకపోయాను. మా ఊరి డ్రెయినుకి గండి పడి రోడ్డు కనపడలేదు, మా ఆయన మోకాళ్ళ దాకా దిగి చూసి వెనక్కొచ్చి, గుమ్మంలో నిలబడి, "ఇయ్యాళ అవదే రత్నం" అన్నాడు, అదేదో తనే గండి కొట్టినట్టు తల దించుకుని. అప్పట్నుంచీ నడుం వాలిస్తే ఊపిరందక గోడకి చేరబడి కూర్చునే ఉన్నాను, కాళ్ళ మీద నొక్కితే వేలు దిగబడిపోయేది చలిమిడి ముద్దలో దిగినట్టు. ఇవాళ నీళ్ళు కాస్త తీశాయి, ట్రాక్టరెక్కించి తీసుకొచ్చాడు, తలుపులు తియ్యకముందే వచ్చి నిలబడ్డాం. మొదటి వంతు నాదే. నాలుగు గంటలూ నిండా కూర్చుని ఆఖరి చుక్కదాకా తీయించుకుంటే గానీ ఈ కుర్చీ దిగనని వస్తూనే చెప్పేశాను సారికకి. సారిక ఈ మిషన్లు నడిపే పిల్ల, అప్పటికే దాని కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి పాపం, ఇంటికెళ్ళి ఎన్నాళ్ళయిందో. "ఆయ్, అలాగేనండి" అంది.

మొదటి వంతు. ఆ మాట నోట్లో ఎంత బావుందో. పుట్టి బుద్ధెరిగి మొదటి వంతు ఎరగను నేను. మాది శివారు భూమి. ద్రాక్షారామం దాటి సముద్రం వైపు పోగా పోగా ఇక కాలవకి ఓపిక అయిపోయిన చోట మా చేను. ధవళేశ్వరంలో వదిలిన నీళ్ళు ఎన్ని తూములు దాటాలి, ఎన్ని బోదెల్లోకి చీలాలి, ఎందరి చేలు తాగి తేన్చాక మా దాకా రావాలి! తొలి పంట సార్వాకి ఫరవాలేదు, వానలుంటాయి, అసలు సార్వాలో మాకు నీళ్ళు ఎక్కువై ఏడుపు. రెండో పంట దాళ్వా వచ్చిందా, ప్రాణాలు తోడేస్తుంది. కాలవలో నీళ్ళు చాలవు కాబట్టి వంతులు పెడతారు, కొన్నాళ్ళు ఎగువ వాళ్ళకి, కొన్నాళ్ళు దిగువ వాళ్ళకి, వినడానికి ధర్మరాజు తీర్పులా ఉంటుంది. ఎగువ వాళ్ళు వాళ్ళ వంతు వాళ్ళు తీసుకుంటారు, మా వంతు వచ్చినప్పుడు కూడా నీళ్ళు ఆపే తూము పలక జానెడు ఎత్తి ఉంచుతారు, అదేంటయ్యా అంటే తుప్పు పట్టి దిగట్లేదండీ అంటారు. కాపురానికొచ్చిన కొత్తలో మా ఆయన వెళ్ళి అడిగాడు. వాళ్ళు అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చి పంపారు, ఈయన మజ్జిగ తాగి మూతి తుడుచుకుంటూ వచ్చాడు, చేలో నెర్రెలు మాత్రం అలాగే ఉన్నాయి. పేరు బుల్లబ్బాయి, మనిషి కూడా బుల్లబ్బాయే, గట్టిగా దగ్గితే ఎదుటివాడు ఏమనుకుంటాడోనని చూసే రకం. అడగందే అమ్మయినా పెట్టదు, ఎగువ వాడు పెడతాడా? మర్నాడు నేనే వెళ్ళాను. చీర ఎగ్గట్టి బోదెలోకి దిగి, ఆ తూము పలక మీద ఎక్కి కూర్చున్నాను. తుప్పు పట్టిందన్నారుగా, నా బరువుకి దిగుతుందేమో చూద్దామని. ఊరంతా చేరింది, పెద్దమనుషులొచ్చారు, ఆడకూతురివి ఇదేం పని అన్నారు, మీ మగాళ్ళు చెయ్యాల్సిన పనేనండీ, మీరు చెయ్యకపోతే చేస్తున్నాను అన్నాను. దిగింది పలక. ఎందుకు దిగదు? అప్పట్నుంచీ నా పేరు తూము రత్నం అయి కూర్చుంది, వెనకాల అనేవారు, ఎదురుగా మాత్రం రత్నమ్మగారూ అనేవారు, నాకదే చాలు.

చెయ్యి కదపకూడదు. ముక్కు దురద పెడుతోంది, కుడి చేత్తో గోక్కున్నాను. పక్క కుర్చీలో వీరబ్రహ్మంగారు కళ్ళు మూసుకుని ఉన్నారు, కంసాలి పని చేసేవారు, ఇప్పుడు చేతులు వణుకుతాయి. ఆయన ఈ పూటకి ఇప్పుడిప్పుడే ఎక్కారు, ఎక్కుతూనే బీపీ పడిపోయి కాళ్ళు పట్టేసి కేకలు పెట్టారు, ఇందాకే సర్దుకున్నారు. అవతల రెండు కుర్చీల్లోనూ గోదారి లంకల నుంచి పడవల మీద తెచ్చిన వాళ్ళు. వాళ్ళు వెళ్ళే ఆసుపత్రిలోకి నీళ్ళొచ్చాయట, ఎప్పుడు చేయించుకున్నారో వాళ్ళకే తెలియదు, ముఖాలు ఉబ్బి కళ్ళు గీతల్లా అయిపోయాయి, వాళ్ళని ఎక్కించి అరగంట కాలేదు. ఉన్నవే నాలుగు మిషన్లు. అందరూ ఒంట్లో నీళ్ళతో వచ్చిన వాళ్ళే. ఏంటో ఈ చోద్యం, నేల మీద నీళ్ళు, ఒంట్లో నీళ్ళు, నాలిక మాత్రం ఎండి అట్టకట్టుకుపోయింది. మంచినీళ్ళు చిన్న గ్లాసుతో కొలిచి తాగాలి మేము, రోజు మొత్తానికి. కొబ్బరి బోండమైతే చుక్క కూడా పనికిరాదు. మొదటిసారి సారిక ఆ మాట చెప్పినప్పుడు పకపకా నవ్వాను, ఏమ్మా, కోనసీమ పక్కన పుట్టిన దాన్ని, పురిట్లో బిడ్డకి పట్టే నీళ్ళు నాకు విషమా అని. అప్పుడు డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు, బోండంలోనూ అరటిపండులోనూ పొటాషియం అనేదొకటి ఉంటుందమ్మా, కిడ్నీలు బాగుంటే అది బయటికి పోతుంది, మీకు పోదు, ఒంట్లోనే పేరుకుంటుంది, ముందు కాళ్ళూ చేతులూ పట్టు తప్పుతాయి, తర్వాత గుండె ఆగిపోతుంది అని. ఆ సాయంత్రం మా పెరట్లో చెట్లకేసి చూస్తే, ఇన్నాళ్ళూ చుట్టాలనుకున్న వాళ్ళు కత్తి దాచుకుని నవ్వుతున్నట్టుంది.

ట్రాక్టరు చప్పుడు. వరండాలో కేకలు. ఎవరినో మోసుకొస్తున్నారు, తలుపు దగ్గర మా ఆయన పక్కకి జరిగి దారిచ్చాడు, దారివ్వడంలో ఆయన తర్వాతే ఎవరైనా. నలభై ఏళ్ళుంటాయేమో ఆ మనిషికి, ఎండిన కొమ్మలాంటి చేతులు, గుండె మీద నల్లగా కాయలు కట్టిన చారలు, చూడగానే తెలిసింది కొబ్బరి చెట్లెక్కి దింపు తీసే మనిషని. కాళ్ళు రెండూ గోనె సంచుల్లా వేలాడుతున్నాయి. గోడవార స్ట్రెచరు మీద పడుకోబెట్టారు, నా కుర్చీకి ఎదురుగానే, మధ్యలో ఒక తెర, ఆ తెర కూడా సగానికే వస్తుంది. పేరు ఏసురాజు అని చెబుతోంది పెళ్ళాం, ఆవిడ పేరు పాపాయమ్మ, నెల కూడా కాలేదండి ఈయనకి మిషను మొదలుపెట్టి అంటోంది, నడుం దాకా తడిసిపోయి ఉంది. ఏం తిన్నాడు, ఏం తాగాడు అని సారిక అడుగుతోంది. "ఏమీ తాగనివ్వలేదండి. మంచినీళ్ళు కాచి చల్లార్చి ఇమ్మన్నారు కదండీ, మా లంకలో బోరింగులన్నీ మునిగిపోయాయి, కట్టెలు నానిపోయాయి, ఏం పెట్టి కాచమంటారు? ఆ బురద నీళ్ళు పడితే చచ్చిపోతాడని బోండాలే కొట్టిచ్చానండి. మా మరిది ఎక్కి దింపాడు. దేవుడి దయవల్ల చెట్టు మీద మంచి నీళ్ళున్నాయి కదా అనుకున్నానండి. రోజూ అవేనండి. తాగేటప్పుడు ఎంత హాయిగా తాగాడో." సారిక డాక్టరుగారి కోసం పరిగెత్తింది. నా ఒళ్ళు జల్లుమంది. ఓసి పిచ్చితల్లీ. ఊరంతా మురికి నీళ్ళయితే, అన్నిటికంటే శుభ్రమైన నీళ్ళు ఎక్కడున్నాయో వెతికి, చెట్టెక్కించి, మొగుడికి ప్రేమగా అవే పట్టింది. నేనైనా అదే చేద్దును. ఎవరైనా అదే చేస్తారు ఈ గడ్డ మీద పుట్టినవాళ్ళు.

డ్యూటీ డాక్టరుగారొచ్చారు, ఛాతీ మీద తీగలు పెట్టి కాగితం లాగారు, ఆ కాగితం చూసి ఆయన ముఖం మారింది. గుండెకి ఇంజక్షను ఇవ్వమన్నారు, ఇది కాసేపే ఆపుతుంది, మిషను మీద పెట్టాల్సిందే, ఇప్పుడే, అన్నారు. మెల్లిగానే అన్నారు గానీ నా చెవులు పాము చెవులు. ఇప్పుడే అంటే ఎలా? నాలుగు మిషన్ల మీదా మనుషులున్నారు. ఎవరో ఒకరు దిగాలి. సారిక కళ్ళు గిర్రున తిరిగాయి, నేను చప్పున కళ్ళు మూసుకున్నాను. నిద్రపోతున్నాను నేను. ముసలిదాన్ని, నిద్రపోకూడదా? నన్ను చూడకు తల్లీ. మొన్న ఎగ్గొట్టిన దాన్ని, నా రొమ్ములో ఇంకా నీళ్ళు గుడగుడమంటూనే ఉన్నాయి, ఇప్పుడు దిగితే మళ్ళీ ఎప్పుడో, సాయంత్రానికి డీజిలు అయిపోతుంది, రేపు ట్యాంకరొస్తుందో రాదో, రాకపోతే మళ్ళీ గోడకి చేరబడి నోరు తెరుచుకుని కూర్చోవాలి. ఊపిరందకపోవడం అంటే ఏంటో తెలుసా ఎవరికైనా? గదినిండా గాలి ఉంటుంది, మా ఆయన విసనకర్రతో విసురుతూనే ఉంటాడు, నాకు మాత్రం చారెడు దొరకదు. భయం. నాకు చచ్చేంత భయం. ఊళ్ళో నన్ను చూసి భయపడేవాళ్ళు ఎంతమంది ఉన్నారో, వాళ్ళెవరికీ తెలియదు ఈ సంగతి. నేనెందుకు దిగాలి? పొద్దున్నే వచ్చాను, మొదటి వంతు నాది, నా హక్కు నాది. ఆ పాపాయమ్మకి ఇద్దరు చిన్నపిల్లలుంటారేమో. ఉంటే? నేను కన్నానా? ముందే తెలుసుకోవద్దా ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో? అబ్బ, ఆ ఏడుపొకటి, బయటికెళ్ళి ఏడవకూడదూ. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి నాకు, ఛీ, నాకెందుకు కారాలి?

తెర అవతల డాక్టరుగారు అడుగుతున్నారు, సగం దాటినవాళ్ళు ఎవరూ లేరా సారికా అని. "రత్నమ్మగారొక్కరేనండి. కానీ ఆవిడ మొన్న మిస్సయ్యారు సార్, నాలుగు గంటలూ కావాలి. పైగా ఆవిడని..." అని ఆపేసింది. పైగా ఆవిడని? పైగా ఆవిడని ఏంటి? నాకు తెలుసు ఏంటో. ఆ గొంతు నాకు తెలుసు, ఆ ఆపడం తెలుసు. తూములు చూసే కాలవ లస్కరు అలాగే ఆపేవాడు. ఏవయ్యా, మా వంతప్పుడు కూడా ఎగువ తూములు ఎత్తే ఉన్నాయి, వెళ్ళి దింపించవయ్యా అంటే, చూపులు పక్కకి తిప్పి, "దింపొచ్చమ్మా, పైగా వాళ్ళని..." అని నసిగి సైకిలెక్కేసేవాడు. వాళ్ళని ఎవడు అడుగుతాడు, వాళ్ళ నోళ్ళకి ఎవడు ఎదురెళ్తాడు అని దానర్థం. ఆ నసుగుడు వినలేకే కదా నేను బోదెలో దిగింది. ఇప్పుడు నా గురించి నసుగుతున్నారు. ఓర్నాయనో. కూర్చున్నాను నేను, తీరిగ్గా, కాలవ మొదట్లో, నా చేను నిండుతోంది, అడగడానికి ఒక్కరికి ధైర్యం లేదు. దిగువన ఒకడు నెర్రెలిచ్చి పడున్నాడు. వాడు తూమెక్కి కూర్చోలేడు, వాడికి కాళ్ళే లేవట్లేదు.

"ఏమ్మా సారికా! పైగా ఆవిడని అని ఆపేశావేం? మింగేస్తానా నిన్ను?"

తెర జరిగింది. సారిక ముఖం పాలిపోయింది. "అది కాదండీ..."

"ఏది కాదు? అడగాల్సినప్పుడు అడగాలి. నోరు లేదూ నీకు? దింపు నన్ను."

"రత్నమ్మగారూ, మీకు ఇంకా నీరుందండి..."

"నాకుంటే నేను చూసుకుంటాను. అతనికి అంత వ్యవధి లేదంటున్నారుగా. నిలబడి నా ముఖం చూడకు, దింపు."

డాక్టరుగారు వచ్చి నా వీపు మీద గొట్టం పెట్టి, ఊపిరి తియ్యమ్మా, వదులమ్మా అని, ఇక్కడా అక్కడా విన్నారు. చాలావరకు తీశామమ్మా, ఫరవాలేదు, ఈ రాత్రికి తలగడలు ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి, నీళ్ళు గొంతు తడుపుకోవడానికే, రేపు రావాలి అన్నారు. రేపు మిషను తిరుగుతుందా అన్నాను. ట్యాంకరు కోసం చూస్తున్నామమ్మా అన్నారు. మంచి మనిషి, తిరుగుతుంది అని అబద్ధం చెప్పలేదు. గొట్టాల్లో ఉన్న నా రక్తాన్ని నాకు తిరిగిచ్చేసింది సారిక, సూదులు తీసింది, ఆ చోట దూది పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోమంది. లేవబోతే తల తిరిగింది, సారికే పట్టుకుని గోడవార బల్ల మీద కూర్చోబెట్టింది. నా కుర్చీ తుడిచారు, మిషను కడిగారు, కొత్త గొట్టాలు ఎక్కించారు, ఎంతసేపు కడుగుతారో, ఇంట్లో అంట్లు ఇంత సేపు తోమితే తెల్లారినట్టే, కానివ్వండమ్మా త్వరగా, నేను దిగింది మీరు కడుగుతుంటే చూడటానికా. ఆఖరికి ఏసురాజుని ఎత్తి నా కుర్చీలో వేశారు. రక్తం గొట్టంలోకి వచ్చింది. ముదురు రంగు. నాదీ అదే రంగు.

పాపాయమ్మ నా కాళ్ళ దగ్గర కూలబడింది. "లే, లే, నాకు ఒంగే ఓపిక లేదు నిన్ను లేవనెత్తడానికి" అన్నాను. "నేనే చంపుకున్నానాండీ? నా చేత్తో నేనే పట్టానండీ" అంటోంది, పంటి కింద కొంగు పెట్టుకుని. ఏం చెప్పను? "నీళ్ళు లేని చోట నీళ్ళు వెతికావు, అందులో తప్పేం లేదు. ఇక మీదట బోండం వద్దు, అరటిపండు వద్దు, దాహం అంటే గొంతు తడిపి ఊరుకో, ఎంత బతిమాలినా. మొగాళ్ళు బతిమాలతారు, కరగకు" అన్నాను. ఆవిడ బుర్ర ఊపింది, విందో లేదో. నా రొమ్ములో ఆ గుడగుడ మళ్ళీ వినిపిస్తోంది, లేక భయానికి నాకలా అనిపిస్తోందా, ఎక్కువ మాట్లాడానా, ఇప్పటి నుంచే ఆయాసమా, తప్పు చేశానా, ఒసేయ్ రత్నం, పెద్ద త్యాగమూర్తివి బయల్దేరావు, రాత్రికి నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు ఈ పుణ్యం వచ్చి ఊపిరి ఊదుతుందా? అలా అరగంట పైనే గడిచింది. ట్రాక్టరు చూసుకోవడానికి వెళ్ళిన మా ఆయన అప్పుడే తిరిగొచ్చి, తలుపు దగ్గర నన్ను చూశాడు. బల్ల మీద ఉన్న నన్ను, కుర్చీలో ఉన్న అతన్ని, మళ్ళీ నన్ను. గొడుగు చేతిలోంచి కిందపడింది.

"ఏవమ్మా టెక్నీషియనుగారూ! మా ఆవిణ్ణి ఎందుకు దింపేశారు?" అంత గొంతు ఆయనలో ఉందని నాకు తెలియదు, పెళ్ళయిన ఇన్నేళ్ళలో వినలేదు, వీరబ్రహ్మంగారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. నేనే దిగానండీ అని చెబుతున్నా వినట్లేదు. "నువ్వుండవే! దిగితే దిగావు, మంచిదే. రేపటి సంగతేంటి? రేపు మొదటి వంతు మా ఆవిడది. కలెక్టరుగారు వచ్చి అడ్డం పడినా నేనొప్పుకోను. డీజిలు లేదంటే మా ట్రాక్టరులోది తోడి తెస్తాను, ఊళ్ళో అందరి ట్రాక్టర్లలోవీ తోడి తెస్తాను, మెడలోతు నీళ్ళయినా క్యాన్లు నెత్తిన పెట్టుకుని తెస్తాను. ఈ తలుపు దగ్గరే పడుకుంటాను ఈ రాత్రికి. చెప్పండి, ఎవరు చూస్తారు దీని పూచీ?" గడ్డం వణుకుతోంది, కళ్ళనిండా నీళ్ళు, అయినా కదలడు గుమ్మంలోంచి. ఓరి నా బుల్లబ్బాయీ, ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావయ్యా దీన్ని, నాకు తెలిసుంటే బోదెలోకి నిన్నే దింపేదాన్ని కదా. నవ్వొస్తోంది, నవ్వితే దగ్గొస్తోంది, దగ్గినా సరే నవ్వుతున్నాను. సారిక చెమట తుడుచుకుంటూ, "ఆయ్, రేపు మొదట ఆవిడేనండి, మీరు డీజిలు తెస్తే పొద్దున్నే మొదలెట్టేస్తానండి" అంది. వీరబ్రహ్మంగారు పక్కనుంచి, మా వాడి దగ్గర నాలుగు క్యాన్లున్నాయి, పట్టుకెళ్ళవయ్యా బుల్లబ్బాయీ అన్నారు.

అప్పుడు నా కుర్చీలోంచి గొంతు వినపడింది. ఎండిపోయిన గొంతు, తీసుకొచ్చినప్పటి నుంచీ ఒక్క మాట పలకని మనిషి. పాపాయమ్మ ఒక్క గెంతులో వెళ్ళి చెవి పెట్టింది. ఏసురాజు కళ్ళు తెరిచాడు, కుర్చీ చివర కుడి కాలు కొంచెం, కొంచెమే, దగ్గరకి లాక్కున్నాడు. "గొడవ పడకండి బాబూ... రేపు నా వంతు కూడా... ఆ అమ్మగారికే ఇచ్చెయ్యండి..."

లేచి నిలబడ్డాను, ఎలా లేచానో తెలియదు, చేతి మీద దూది ఒత్తి పట్టుకునే.

"నోరు మూసుకుని పడుకోవయ్యా! ఎవడడిగాడు నిన్ను? నా వంతు నేను తీసుకుంటాను, నీ వంతు నువ్వే తీసుకోవాలి, రేపూ ఎల్లుండీ ప్రతిసారీ వచ్చి తీసుకోవాలి. రాకపోయావో, మీ లంకకొచ్చి లాక్కొస్తాను."